నాలుగు పాయింట్ రెండు

రెండు డిగ్రీల కిందికి పోకూడదు,
ఎనిమిది దాటి పైకి పోకూడదు.
మిల్డూరాలో మా క్లినిక్కు వెనకగదిలో
టీకాల ఫ్రిజ్జుకి హద్దులు ఈ రెండే.
బయట నలభై నాలుగు.
స్టీరింగు పట్టుకోవాలంటే చేతికి చున్నీ చుట్టుకోవాలి.

ముగ్గురు డాక్టర్లు, ఇద్దరు నర్సులు,
రిసెప్షన్‌లో షెరిల్.
ఇంత చిన్న చోట కంప్లయన్స్ అంటే
వేరే శాఖ కాదు, నేనే.
జీతాల లెక్క, టాయిలెట్ కాగితం ఆర్డరు,
మధ్యలో మిగిలిన జాగాలో చట్టం.
నా పేరు వకుళ. నోరు తిరక్క వాక్ అని కత్తిరించారు.
ఆ ముక్కకి అర్థం ఉందని వాళ్లకి చెప్పలేదు.

ఏం పనే నీది అని అత్త ఫోనులో అడిగితే
విధేయత అనబోయి ఆగాను, కుక్కపిల్ల గుర్తొచ్చి.
నిబంధనల అమలు అంటే పోలీసనుకుంటుంది.
చివరికి
"రాసినట్టు చేశారా, చేసినట్టు రాశారా
చూడ్డమే అత్తయ్యా" అన్నాను.
"అయితే అందరికీ చెడ్డదానివే" అంది, నవ్వకుండా.

అంత చెడ్డదాన్నేం కాదు.
సూదుల డబ్బా గీత దాటి నిండితే నవ్వుతూనే చెప్తాను.
డాక్టర్ పెట్రాకిస్ పాస్‌వర్డు రాసి మానిటరుకి అంటిస్తే
చించి ఆయన టీ కప్పులో వేస్తాను.

గ్లెనిస్ సంగతి వేరు.
ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ ఊరి చేతులకి సూది వేసింది.
ఆమె వేస్తే పిల్లలు ఏడవడం మర్చిపోయి
తరవాత గుర్తొచ్చి, కారులో ఏడుస్తారు.
పొద్దునొకసారి, సాయంత్రమొకసారి
ఫ్రిజ్జు తలుపు మీది కాగితంలో అంకె వేసేది ఆమే.

గురువారం ఆ కాగితం ఊరికే చూశాను.
నాలుగు పాయింట్ రెండు. నాలుగు పాయింట్ రెండు.
తాడు పట్టి నారు నాటినట్టు.
సోమవారం కూడా నాలుగు పాయింట్ రెండే.
సోమవారం సెలవు. తాళాలు నా దగ్గరున్నాయి.
శుక్రవారం గడిలోనూ నాలుగు పాయింట్ రెండు.
శుక్రవారం ఇంకా రాలేదు.

లోపల అగ్గిపెట్టంత యంత్రం ఒకటుంటుంది,
అయిదు నిమిషాలకోసారి, ఎవరి మొహమాటమూ లేకుండా రాసుకుంటుంది.
దాన్ని కంప్యూటరుకి తగిలించాను.
ఆదివారం రాత్రి వీధి దీపాలు కొండెక్కాయి,
వాటి వెనకే తెరమీది గీతా కొండెక్కింది.
పద్నాలుగు పాయింట్ ఆరు. ఆరు గంటలపాటు.
మంగళవారం ఆ సీసాల్లోంచే
పదకొండుమంది పసివాళ్లకి.

గ్లెనిస్‌ని పిలిచి తలుపు వేశాను.
అబద్ధమాడలేదు.
"కెవిన్‌ని ఏడింటికల్లా డయాలిసిస్‌కి దింపాలి" అంది.
"ఎప్పుడు చూసినా నాలుగే ఉండేది, వాక్."
కళ్లజోడు తీసి యూనిఫాం అంచుతో తుడిచింది,
మళ్లీ తుడిచింది.

నా దగ్గర ఫైలుంది. ఫైల్లో ఒక గడి ఉంది,
బాధ్యులెవరు అని.
పెన్ను తీశాక
కాగితం కింది అంచు కనిపించింది.
ప్రతి వారం చివర, "సరిచూశాను" అన్నచోట
నా సంతకం.
తోక తిప్పి, కింద రెండు చుక్కలు పెట్టే నా సంతకం,
ఎనిమిది నెలలుగా,
ఒక్క అంకె కూడా చదవకుండా.

గడిలో ముందు నా పేరు రాశాను, పూర్తి పేరు.
తరవాత ఆమెది.
గొప్పతనమేం కాదు, వరస అదే.

ఆరోగ్యశాఖవాళ్లు వాడొద్దన్నారు.
అరవై మూడు డోసులు పసుపు డబ్బాలోకి పోయాయి.
పదకొండు ఇళ్లకీ నేనే ఫోను చేశాను.
ఒకామె తిట్టింది. ఒకాయన మధ్యలో పెట్టేశాడు.
ద్రాక్షతోటలో పనిచేసే మెలేఆనా
చాలాసేపు ఏమీ అనలేదు.
"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా" అంది.
అది మెచ్చుకోలో, భయమో
ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

గ్లెనిస్ డ్యూటీ గంట వెనక్కి జరిపాం.
ఎప్పుడో జరపాల్సింది.
సోమవారం ఫ్రిజ్జు ముందు వంగి, కళ్లు చికిలించి
అంకె చదివింది. నేనూ పక్కన వంగి చదివాను.
మా ఇద్దరి మధ్యా మాటల్లేవు.
ఆరు పాయింట్ తొమ్మిది అని రాసింది.
ఎక్కువే. హద్దులోనే.
తలుపు రబ్బరు వదులైనట్టుంది,
మనిషిని పిలవాలి.